బాహ్య సాధనం లేకుండా ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన: నెట్‌వర్క్ పద్ధతి – తెలుగు ప్రయోగశాలకు అన్వయం

వ్యాస సంగ్రహం

డిస్కు, పెన్‌డ్రైవ్ వంటి బాహ్య సాధనాలు లేకుండా, నెట్‌వర్క్ తీగ ద్వారా మాత్రమే కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్థాపించే పద్ధతిని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. ఖాళీ యంత్రం తన చిరునామాను అడిగి తెలుసుకోవడం మొదలుకొని స్థాపన పూర్తయ్యేవరకు జరిగే దశలను డెబియన్ వ్యవస్థ ఆధారంగా ఇందులో పరిశీలించడం జరిగింది. ఈ పద్ధతిలో స్థాపనకు సంబంధించిన నిర్ణయాలన్నీ ముందుగానే ఒక లిఖిత పాఠంగా మారతాయి. ఆ పాఠంలో తెలుగుకు చోటు ఉంటేనే ప్రయోగశాలలోని యంత్రాలన్నింటిలోనూ తెలుగుకు చోటు ఉంటుంది. కాబట్టి దానిని రాయడంలోను, పరిష్కరించడంలోను తెలుగు శాఖలకు పాత్ర ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్ బూట్, పీఎక్స్ఈ, డెబియన్, సమాధాన పత్రం, యూనికోడ్, తెలుగు ఖతులు, పాఠ పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర సంప్రదాయంలో ఒక గ్రంథానికి పది ప్రతులు కావాలంటే పదిసార్లు రాయవలసిందే. లేఖకుడు మారినప్పుడల్లా, ఒక్కొక్కసారి అదే లేఖకుడి చేతిలోనే, పాఠం ఎంతో కొంత మారుతుంది. ఆ మార్పులే పాఠాంతరాలు. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, వేరువేరు ప్రతులను సేకరింపజేసి, పాఠాలను పోల్చి శుద్ధప్రతులను సిద్ధం చేయించిన సంగతి తెలుగు పరిశోధకులకు సుపరిచితం. ప్రతులు పెరిగేకొద్దీ తేడాలు పెరుగుతాయన్నది ఆ కృషి వెనుక ఉన్న ఎరుక.

నేటి కళాశాలల కంప్యూటర్ ప్రయోగశాలల్లో ఇదే పరిస్థితి మరో రూపంలో కనిపిస్తుంది. 30 యంత్రాలు ఉన్న గదిలో ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొని ఒక్కొక్క యంత్రం ముందు కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్థాపించే వ్యక్తి, అవే ప్రశ్నలకు 30 సార్లు జవాబు చెప్పాలి. భాష ఏది? కీబోర్డు ఏది? డిస్కును ఎలా విభజించాలి? ఏ ఖతులు చేర్చాలి? పదో యంత్రం దగ్గర తెలుగు కీబోర్డును చేర్చడం మరచిపోవచ్చు. ఇరవయ్యో యంత్రంలో ఖతి చేర్చకుండానే సాయంత్రం కావచ్చు. ఫలితంగా ఒక యంత్రంలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథ అధ్యాయం పక్క యంత్రంలో ఖాళీ గళ్లుగా కనిపిస్తుంది. పరిశోధక విద్యార్థి దీనిని తెలుగుకున్న ఇబ్బందిగా భావిస్తాడు. నిజానికి అది ప్రతుల మధ్య ఏర్పడిన పాఠభేదం.

పైగా అనేక కొత్త యంత్రాలలో డిస్కు పెట్టే అర కూడా ఉండదు. కొన్ని ప్రయోగశాలల్లో భద్రత కోసం పెన్‌డ్రైవ్ రంధ్రాలను మూసివేస్తారు. ఇలాంటిచోట ఏ బాహ్య సాధనమూ లేకుండా స్థాపన జరపగల మార్గం నెట్‌వర్క్ పద్ధతి. ఇందులో మాతృక ఒక్కటే. అది సర్వర్‌లో ఉంటుంది. మిగిలిన యంత్రాలన్నీ దాని నుంచే ప్రతులను తీసుకుంటాయి.

2. బీజాంకుర న్యాయం – బూట్ సమస్య

కంప్యూటరు ఏ పని చేయాలన్నా ప్రోగ్రాము కావాలి. డిస్కులోని ప్రోగ్రామును మెమరీలోకి తేవడం కూడా ఒక పనే కాబట్టి దానికీ ఒక ప్రోగ్రాము కావాలి. మరి ఆ ప్రోగ్రామును తెచ్చేది ఏది? విత్తు ముందా, మొలక ముందా అనే బీజాంకుర న్యాయం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. యంత్ర నిర్మాతలు ఈ చిక్కును ఒక చిన్న విత్తుతో విడదీశారు. మదర్‌బోర్డు మీది చిప్‌లో, కరెంటు పోయినా చెరగని ఒక ప్రోగ్రామును ఉంచారు. పాత యంత్రాలలో దీని పేరు బయాస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. మీట నొక్కగానే మొదట పనిచేసేది ఇదే.

ఈ తొలి ప్రోగ్రాము సాధారణంగా డిస్కు, పెన్‌డ్రైవ్ మొదలైన వాటిని ఒక వరుసలో వెతికి, ఎక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ దొరికితే అక్కడినుంచి పని మొదలుపెడుతుంది. ఆ వరుసలో నెట్‌వర్క్ కార్డును కూడా చేర్చవచ్చు. అప్పుడు యంత్రం తన లోపల వెతకడం మాని బయటి సర్వర్‌ను అడుగుతుంది. ఇలా అడిగే విధానానికి ఇంటెల్ సంస్థ రూపొందించిన ప్రమాణం పేరు పీఎక్స్ఈ. దీనిని వాడుకలో ‘పిక్సీ’ అంటారు.

3. చారిత్రక నేపథ్యం

ఈ ఆలోచన డిస్కులు చాలా ఖరీదైన కాలంలో పుట్టింది. 1980లలో విశ్వవిద్యాలయాలలో సొంత డిస్కు లేని కంప్యూటర్లు వాడుకలో ఉండేవి. అవి సర్వర్ నుంచే అన్నీ తెచ్చుకోవాలి. 1981లో ఫైళ్లను అతి సరళంగా పంపే టీఎఫ్‌టీపీ పద్ధతి ప్రకటితమైంది. 1984లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆర్ఏఆర్‌పీ పద్ధతిని ప్రతిపాదించారు. యంత్రం తన నెట్‌వర్క్ కార్డు సంఖ్యను చెప్పి, దానికి తగిన ఐపీ చిరునామాను పొందడం ఇందులోని విషయం. అయితే దీనివల్ల చిరునామా మాత్రమే తెలుస్తుంది, ఏ ఫైలును ఎక్కడినుంచి తెచ్చుకోవాలో తెలియదు. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రూపొందించిన బూట్‌పీ ఆ లోపాన్ని తీర్చింది. చిరునామా, సర్వర్ వివరం, ఫైలు పేరు మూడూ ఒకే జవాబులో అందేలా చేసింది. దానినే విస్తరించి 1993లో డీహెచ్‌సీపీని రూపొందించారు. దాని 1997 నాటి రూపమే నేటి వాడుకకు ఆధారం. 1999లో పీఎక్స్ఈ 2.1 ప్రమాణం వెలువడింది.

ఈ వరుసలో గమనించదగిన అంశం ఒకటుంది. పీఎక్స్ఈ పూర్తిగా కొత్త భాషను కల్పించలేదు. చిరునామాకు డీహెచ్‌సీపీని, ఫైలుకు టీఎఫ్‌టీపీని ఆధారం చేసుకొని, ఏ సంస్థ తయారుచేసిన యంత్రమైనా ఒకే తీరుగా అడిగేలా నియమం చేసింది. ఆ నియమబద్ధత వల్లనే నేడు చిన్న కళాశాలలోని సాధారణ యంత్రం కూడా ఈ పద్ధతికి లొంగుతుంది.

4. స్థాపన క్రమం: ప్రశ్నలు, జవాబులు

నెట్‌వర్క్ స్థాపనను ఒక సంభాషణగా చూస్తే సులభంగా అర్థమవుతుంది. ఏమీ తెలియని యంత్రం ప్రశ్నిస్తుంది, సర్వర్ జవాబిస్తుంది. ప్రతి జవాబు తరువాతి ప్రశ్నకు దారి చూపుతుంది.

4.1 నా చిరునామా ఏది?

ప్రతి నెట్‌వర్క్ కార్డుకు 12 అంకెల షోడశాంశ సంఖ్య ఉంటుంది. దానిని మ్యాక్ చిరునామా అంటారు. యంత్రానికి తన గురించి తెలిసినది దాదాపు ఇంతే. ఐపీ చిరునామా ఇంకా లేదు కాబట్టి పంపినవారి స్థానంలో 0.0.0.0 అని, అందుకొనేవారి స్థానంలో 255.255.255.255 అని పెట్టి, నెట్‌వర్క్‌లోని అందరికీ వినబడేలా పిలుస్తుంది. తాను పీఎక్స్ఈ యంత్రాన్నని, తనది బయాస్ రకమో యూఈఎఫ్ఐ రకమో కూడా అందులోనే చెబుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఒక చిరునామాను ఇవ్వజూపుతుంది. యంత్రం దానిని కోరుతుంది. సర్వర్ ధ్రువీకరిస్తుంది. ఈ జవాబులోనే తొలి ఫైలు ఏ సర్వర్‌లో ఏ పేరుతో ఉందో కూడా ఉంటుంది.

ఇక్కడ ఆచరణలో ఒక చిక్కు ఉంది. చాలా కళాశాలల్లో చిరునామాలు పంచే రౌటరు ముందే ఉంటుంది. దానికి పోటీగా మరో డీహెచ్‌సీపీ సర్వర్‌ను నిలిపితే ఒకే చిరునామా రెండు యంత్రాలకు దక్కి మొత్తం నెట్‌వర్క్ గందరగోళంలో పడవచ్చు. దీనికి పరిష్కారం ప్రాక్సీ డీహెచ్‌సీపీ. ఇందులో చిరునామాను రౌటరే ఇస్తుంది. కొత్త సర్వర్ బూట్ వివరాన్ని మాత్రమే అందిస్తుంది. డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఈ పనిని, టీఎఫ్‌టీపీ పనిని కూడా ఒక్కటే నిర్వహించగలదు. ఇందుకు పెద్ద సర్వర్ యంత్రం అవసరం లేదు. ప్రయోగశాలలోని ఒక సాధారణ కంప్యూటరు చాలు.

4.2 నా తొలి ఫైలు ఏది?

ఫైలు పేరు తెలిసిన తరువాత యంత్రం దానిని టీఎఫ్‌టీపీ ద్వారా తెచ్చుకుంటుంది. ఈ పద్ధతి పేరుకు తగినట్టే సామాన్యమైనది. ఇందులో వాడుకరి పేరు లేదు, సంకేతపదం లేదు, ఫైళ్ల జాబితా చూసే వీలూ లేదు. ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది. ఒక ముక్క అందినట్టు కబురు వచ్చాకే తరువాతి ముక్క బయలుదేరుతుంది. ముక్కల సంఖ్యకు 16 బిట్ల చోటే ఉండడం వల్ల మూల ప్రమాణం ప్రకారం పంపగలిగే ఫైలు పరిమాణం సుమారు 32 మెగాబైట్లకు పరిమితం. 40 మెగాబైట్ల ఫైలుకు 81,920 ముక్కలు అవసరం. కాని లెక్క 65,535 దగ్గరే ఆగుతుంది. ముక్క పరిమాణాన్ని పెంచుకొనే వీలు కల్పిస్తూ 1998లో ప్రమాణాన్ని విస్తరించారు. తరువాతి కాలంలో వచ్చిన ఐపీఎక్స్ఈ వంటి బూట్ ప్రోగ్రాములు, యూఈఎఫ్ఐలోని హెచ్‌టీటీపీ బూట్ సదుపాయం ఈ నెమ్మదితనాన్ని చాలావరకు తొలగించాయి.

తొలి ఫైలు ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. అది బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాము. బయాస్ యంత్రాలకు పీఎక్స్ఈలినక్స్‌ను, యూఈఎఫ్ఐ యంత్రాలకు గ్రబ్‌ను వాడడం డెబియన్‌లో సాధారణం.

4.3 నాకు వర్తించే నియమం ఏది?

బూట్ లోడర్ తనకు సంబంధించిన నియమాల ఫైలు కోసం సర్వర్‌లో వెతుకుతుంది. పీఎక్స్ఈలినక్స్ వెతికే తీరు వ్యాకరణం చదివినవారికి ఆసక్తి కలిగిస్తుంది. మొదట ఆ ఒక్క యంత్రానికే చెందిన గుర్తింపు సంఖ్య పేరుతో ఫైలు ఉందేమో చూస్తుంది. లేకపోతే మ్యాక్ చిరునామా పేరుతో వెతుకుతుంది. అదీ లేకపోతే ఐపీ చిరునామాను షోడశాంశంలో రాసి ఆ పేరుతో వెతుకుతుంది. ఉదాహరణకు 192.168.1.25 అనే చిరునామా సి0ఎ80119 అవుతుంది. ఆ పేరుతోనూ ఫైలు లేకపోతే చివరి అంకెను తీసివేసి సి0ఎ8011 కోసం, ఆపైన మరో అంకె తీసివేసి సి0ఎ801 కోసం, ఇలా ఒక్క అక్షరం మిగిలేవరకు వెతుకుతుంది. అప్పటికీ దొరకకపోతే అందరికీ వర్తించే ‘డిఫాల్ట్’ అనే ఫైలును తీసుకుంటుంది.

ఇది విశేష విధి సామాన్య విధిని బాధించడమే. వ్యాకరణంలో ప్రత్యేక సూత్రం ఉన్నచోట సాధారణ సూత్రం ఆగిపోయినట్లు, ఇక్కడ ఒక యంత్రానికి ప్రత్యేక ఫైలు ఉంటే సాధారణ ఫైలు దానికి వర్తించదు. ఒక యంత్రానికి విశేష విధి, ఒక వరుస చిరునామాలకు కొంత విశాలమైన విధి, మొత్తానికి సామాన్య విధి అనే మెట్లు ఇందులో ఉన్నాయి. ఈ క్రమం ఎంత ఉపయోగకరమో 7వ విభాగంలో చూద్దాం.

4.4 ఇన్‌స్టాలర్ ప్రవేశం

నియమాల ఫైలు చెప్పిన ప్రకారం బూట్ లోడర్ రెండు ఫైళ్లను తెస్తుంది. ఒకటి లినక్స్ కెర్నెల్. రెండోది స్థాపనకు కావలసిన పనిముట్లతో నిండిన తాత్కాలిక ఫైల్ వ్యవస్థ. ఇవి రెండూ మెమరీలోనే నిలిచి పని మొదలుపెడతాయి. ఇంతవరకు యంత్రంలోని డిస్కును ఎవరూ తాకలేదు. ఇప్పుడు కరెంటు తీసివేసినా పాత సమాచారం అలాగే ఉంటుంది. డిస్కును విభజించే దశకు చేరినప్పుడే వెనుకకు రాలేని అడుగు పడుతుంది. ఆ తరువాత ఇన్‌స్టాలర్ డెబియన్ భాండాగారం నుంచి మూల వ్యవస్థను, కోరిన ప్యాకేజీలను తెచ్చి డిస్కులో అమర్చి, బూట్ లోడర్‌ను రాసి, యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తుంది.

5. సమాధాన పత్రం

ఇన్‌స్టాలర్ సాధారణంగా వాడుకరిని ఎన్నో ప్రశ్నలు అడుగుతుంది. 30 యంత్రాల దగ్గర కూర్చుని జవాబు చెప్పవలసి వస్తే పెన్‌డ్రైవ్ పోయినా శ్రమ పోలేదు. అందువల్ల జవాబులన్నింటినీ ముందే ఒక ఫైలులో రాసి ఇన్‌స్టాలర్‌కు అందించే సదుపాయం ఉంది. డెబియన్‌లో దీనిని ప్రీసీడ్ అంటారు. రెడ్ హ్యాట్ కుటుంబంలో కిక్‌స్టార్ట్, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్ అనేవి ఇలాంటివే. విండోస్‌లోనూ ఇటువంటి జవాబుల ఫైలు ఉంది. వీటన్నింటికీ కలిపి ఈ వ్యాసంలో సమాధాన పత్రం అనే మాటను వాడుతున్నాను.

ప్రీసీడ్ ఫైలులో ఒక్కొక్క పంక్తిలో నాలుగు భాగాలు ఉంటాయి. ప్రశ్న ఏ ప్రోగ్రాముకు చెందినది, ప్రశ్న పేరు ఏమిటి, జవాబు ఏ రకానికి చెందినది, జవాబు ఏమిటి అనేవి ఆ నాలుగు. ఇది సాధారణ పాఠ్య ఫైలు మాత్రమే. దీనిని చదవడానికి ప్రోగ్రామింగ్ తెలియనక్కరలేదు. ఓపిక, అక్షర శ్రద్ధ ఉంటే చాలు. ఒక్క అక్షరం తప్పినా ఆ జవాబు చెల్లదు, ఇన్‌స్టాలర్ ఆగి మళ్లీ ప్రశ్నిస్తుంది. పాఠ పరిష్కర్తకు ఉండవలసిన గుణమే ఇక్కడా కావాలి.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. డెబియన్ ఇన్‌స్టాలర్ అడిగే మొదటి ప్రశ్న భాషను గురించినది. నెట్‌వర్క్ అమరిక ఆ తరువాతే వస్తుంది. కాని సమాధాన పత్రం నెట్‌వర్క్‌లో ఉంది. నెట్‌వర్క్ సిద్ధం కానిదే అది చేతికి రాదు. అది చేతికి రానిదే భాష తెలియదు. దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. భాష వివరాన్ని బూట్ లోడర్ నియమాల ఫైలులోనే కెర్నెల్‌కు ఇచ్చే పంక్తిలో రాయవచ్చు. లేదా ‘ఆటో’ అనే ఆదేశంతో భాష, కీబోర్డు ప్రశ్నలను నెట్‌వర్క్ సిద్ధమయ్యేవరకు వాయిదా వేయవచ్చు. ఏ ఉపాయాన్ని అనుసరించినా భాషను గురించి ఎవరో ఒకరు ముందే నిర్ణయించి రాయాలి. రాయనిచోట చాలా సందర్భాలలో ఇంగ్లీషే నిలుస్తుంది. తెలుగును ఎవరూ నిషేధించరు. దాని పేరు రాయరు, అంతే.

6. తెలుగు కోసం రాయవలసిన జవాబులు

తెలుగు ప్రయోగశాలకు ఉద్దేశించిన సమాధాన పత్రంలో ఈ క్రింది అంశాలు తప్పనిసరి.

అ) ఇన్‌స్టాలర్ రూపం: డెబియన్ ఇన్‌స్టాలర్ సందేశాలు తెలుగులోకి అనువాదమై ఉన్నాయి. అయితే గుణింతాలు, వత్తులు గల లిపులను చూపడం కేవల అక్షర రూప ఇన్‌స్టాలర్‌కు సాధ్యం కాదు. అందువల్ల నెట్‌వర్క్ బూట్ కోసం చిత్ర రూప ఇన్‌స్టాలర్ ఫైళ్లను ఎంచుకోవాలి.

ఆ) లొకేల్: భాష, దేశం కలిపి చెప్పే సంకేతమిది. తెలుగుకు ‘టీఈ’, భారతదేశానికి ‘ఐఎన్’ అనే సంకేతాలను కలిపి రాస్తారు. తేదీ రూపం, సందేశాల భాష, పదాల అకారాది క్రమం దీనిమీద ఆధారపడతాయి. నిఘంటువులు, పదసూచికలు తయారుచేసే పరిశోధకులకు ఈ చివరి అంశం కీలకమైనది. యూనికోడ్ సంకేతాల వరుసలో ‘ర’ వెంటనే ‘ఱ’ వస్తుంది, ‘ల’ వెంటనే ‘ళ’ వస్తుంది. మన వర్ణమాలలో ళ, ఱ చివరకు చేరతాయి. కేవలం సంకేతాల వరుసను అనుసరించే యంత్రం ఒక క్రమాన్ని, భాషా నియమాన్ని అనుసరించే యంత్రం మరో క్రమాన్ని ఇవ్వవచ్చు. ఒకే శాఖలో ఇద్దరు పరిశోధకుల పదసూచికలు రెండు వరుసల్లో రాకూడదంటే యంత్రాలన్నింటిలో లొకేల్ ఒకటే కావాలి.

ఇ) ఖతులు: తెలుగు లిపికి యూనికోడ్ 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు స్థానాలను కేటాయించింది. అయితే ఈ స్థానాలన్నీ ఒకేసారి నిండలేదు. దంత్య చ, జలకు చెందిన ౘ, ౙ 2008లో, ప్రాచీన శాసనాలలో కనిపించే ఴ 2014లో చేరాయి. అంతకుముందు తయారైన ఖతులలో ఈ అక్షరాలు ఉండకపోవచ్చు. శాసన భాషను పరిశోధించే విద్యార్థికి ఆ ఒక్క అక్షరం లేకపోతే ఖతి మొత్తం లేనట్టే. డెబియన్‌లో లోహిత్ తెలుగు ఖతి ప్యాకేజీగా దొరుకుతుంది. తెలుగు డెస్క్‌టాప్‌కు కావలసినవాటిని ఒకచోట చేర్చిన ‘టాస్క్-తెలుగు-డెస్క్‌టాప్’ అనే ప్యాకేజీ కూడా ఉంది. వీటి పేర్లను ప్యాకేజీల జవాబులో రాస్తే చాలు.

ఈ) కీబోర్డు: భారతీయ ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలో భాగమైన ఇన్‌స్క్రిప్ట్ అమరిక లినక్స్‌లో అందుబాటులో ఉంది. ఇంగ్లీషు ఉచ్చారణను అనుసరించి టైపు చేసే అమరికకు అలవాటుపడ్డ విద్యార్థులూ ఎక్కువే. రెండింటినీ చేర్చడం మంచిది. సమాధాన పత్రం చివర, స్థాపన ముగిసేముందు అమలు చేయవలసిన ఆదేశాలను రాసే వీలుంది. కీబోర్డు మార్పిడి మీట వంటి చిన్న అమరికలకు అది తగినచోటు.

ఉ) అక్షరదోష పరీక్ష: హన్‌స్పెల్ తెలుగు పదపట్టిక ప్యాకేజీగా ఉంది. సంధి, సమాసాల వల్ల రూపాలు విస్తరించే భాషకు పదపట్టిక ఒక్కటే సరిపోదు. అయినా ప్రాథమిక తనిఖీకి పనికొస్తుంది.

స్వేచ్ఛ వంటి సంస్థలు, అనేకమంది స్వచ్ఛంద అనువాదకులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చేందుకు కృషి చేశారు. ఆ కృషి ఫలం భాండాగారాలలో సిద్ధంగా ఉంది. దానిని యంత్రం దాకా చేర్చేవి సమాధాన పత్రంలోని నాలుగైదు పంక్తులే.

7. ప్రమాదాలు, నివారణలు

7.1 డిస్కు చెరిగిపోవడం

ఈ పద్ధతిలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం ఇదే. డిస్కును విభజించేముందు డెబియన్ ఇన్‌స్టాలర్ నిర్ధారణ అడుగుతుంది. సమాధాన పత్రంలో ఆ నిర్ధారణకు కూడా ‘అవును’ అని ముందే రాయవచ్చు. రాస్తేనే స్థాపన మనిషి ప్రమేయం లేకుండా పూర్తవుతుంది. కాని ఒక యంత్రం ప్రతిసారీ నెట్‌వర్క్ నుంచే బూట్ అయ్యేలా అమర్చి ఉండి, సామాన్య నియమాల ఫైలులో స్థాపన ఆదేశం ఉంటే, మరుసటి రోజు విద్యార్థి మీట నొక్కగానే ఆ డిస్కు చెరిగిపోతుంది. అందులో ఏడాది పాటు సేకరించిన క్షేత్ర పర్యటన ధ్వనులు ఉన్నా, జానపద గేయాల లిప్యంతరీకరణ ఉన్నా యంత్రం అడగదు. అడగవద్దని దానికి ముందే చెప్పాం.

4.3లో చెప్పిన సామాన్య, విశేష విధుల క్రమం ఇక్కడ రక్షణగా నిలుస్తుంది. సామాన్య విధిగా ‘నీ డిస్కు నుంచే మొదలవు’ అని రాయాలి. స్థాపన అవసరమైన యంత్రాలకు మాత్రమే వాటి మ్యాక్ చిరునామాల పేర్లతో విశేష విధిని రాయాలి. స్థాపన ముగిశాక ఆ విశేష ఫైలును తొలగించాలి. హాని చేయగల ఆదేశం ఎన్నడూ సామాన్య విధి కాకూడదు.

7.2 జవాబిచ్చినవారిని నమ్మడం

4.1లోని యంత్రం పిలుపుకు ఎవరైనా జవాబివ్వవచ్చు. డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండింటిలోనూ సర్వర్ నిజమైనదేనని సాధారణ వాడుకలో యంత్రం పరీక్షించదు. అదే నెట్‌వర్క్‌లో మరెవరైనా సర్వర్‌ను నిలిపితే యంత్రం దాని మాటా వినవచ్చు. ఇన్‌స్టాలర్ నడవడం మొదలైన తరువాత డెబియన్ భాండాగారపు డిజిటల్ సంతకాన్ని పరీక్షిస్తుంది కాబట్టి ప్యాకేజీలకు రక్షణ ఉంది. కాని ఆ పరీక్ష చేసే ఇన్‌స్టాలరే రక్షణ లేని దారిలో వచ్చింది. అందువల్ల స్థాపన జరిగే సమయంలో ప్రయోగశాల నెట్‌వర్క్‌ను మిగిలిన కళాశాల నెట్‌వర్క్ నుంచి వేరుచేయడం ఉత్తమం. సమాధాన పత్రాన్ని నెట్‌వర్క్‌లోని ఎవరైనా చదవగలరు కాబట్టి అందులో సంకేతపదాన్ని ఉన్నదున్నట్టు రాయకూడదు. దాని గూఢరూపాన్ని మాత్రమే రాసి, స్థాపన తరువాత మార్చుకోవాలి.

7.3 మాతృకలోని దోషం

పెన్‌డ్రైవ్ పద్ధతిలో ఒక యంత్రంలో జరిగిన పొరపాటు ఆ యంత్రానికే పరిమితం. నెట్‌వర్క్ పద్ధతిలో పాఠభేదాలు పోతాయి. కాని మాతృకలోని దోషం ప్రతులన్నింటికీ సంక్రమిస్తుంది. లొకేల్‌లో ఒక అక్షరం తప్పితే 30 యంత్రాలూ ఒకే తప్పు చేస్తాయి. అన్నీ ఒకేలా ఉండడం వల్ల పోల్చి చూసి తప్పును కనిపెట్టే అవకాశమూ ఉండదు. పాఠాంతరాలు లేని గ్రంథంలో అపపాఠాన్ని గుర్తించడం ఎంత కష్టమో ఇదీ అంతే.

కాబట్టి మొదట ఒక్క యంత్రంలో స్థాపించి, దానిని ప్రూఫు ప్రతిగా భావించి, తెలుగు అధ్యాపకులు పరీక్షించాలి. స్త్రీ, కార్త్స్న్యం, క్ష్మాతలం వంటి సంయుక్తాక్షర పదాలు సరిగా కనిపిస్తున్నాయా? అరసున్న టైపు చేయడం వీలవుతోందా? ఱ, ౘ, ౙ, ఴ ఖాళీ గళ్లుగా కాక అక్షరాలుగా వస్తున్నాయా? దాచిన ఫైలును తిరిగి తెరిచినప్పుడు, ముద్రించినప్పుడు రూపం నిలుస్తోందా? పదాల పట్టికను అకారాది క్రమంలో పెడితే ఏ వరుస వస్తోంది? ఈ పరీక్షను సాంకేతిక సిబ్బంది ఒక్కరే చేయలేరు. ‘కార్త్స్న్యం’ సరిగా ఉందో లేదో చెప్పవలసింది తెలుగు చదివినవారే.

8. కాలం, వ్యయం

ఒక యంత్రానికి 1.5 గిగాబైట్ల ప్యాకేజీలు అవసరమని, కళాశాల ఇంటర్నెట్ వేగం సెకనుకు 20 మెగాబిట్లని అనుకుందాం. ఒక యంత్రానికి 10 నిమిషాలు పడుతుంది. 30 యంత్రాలు విడివిడిగా తెచ్చుకుంటే 45 గిగాబైట్లు, 5 గంటలు అవసరం. సర్వర్‌లో ఒక నిల్వ ప్రోగ్రామును, ఉదాహరణకు ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీని, ఉంచితే మొదటి యంత్రం కోసం వచ్చిన ప్యాకేజీలు సర్వర్‌లో నిలుస్తాయి. మిగిలిన 29 యంత్రాలు స్థానిక నెట్‌వర్క్ నుంచే తీసుకుంటాయి. ఇంటర్నెట్ మీది భారం 1.5 గిగాబైట్లకు తగ్గుతుంది. వేగం తక్కువగా ఉన్న గ్రామీణ కళాశాలలకు ఈ తేడా చిన్నది కాదు. ఒక యంత్రం చెడిపోయినప్పుడు దానిని తిరిగి యథాస్థితికి తేవడం కూడా మీట నొక్కి వేచి ఉన్నంత సులభమవుతుంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. సాధారణంగా తీగతో కలిపిన నెట్‌వర్క్ కావాలి. యంత్రాలలో నెట్‌వర్క్ బూట్‌ను ఒకసారి అనుమతించాలి. రెండు మూడు యంత్రాలే ఉన్నచోట సర్వర్‌ను సిద్ధం చేసే శ్రమ కంటే పెన్‌డ్రైవే నయం.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. నెట్‌వర్క్ స్థాపన అనేది చిరునామా, తొలి ఫైలు, నియమాల ఫైలు, ఇన్‌స్టాలర్, సమాధాన పత్రం అనే క్రమంలో సాగే ప్రశ్నోత్తరాల వరుస. ప్రతి దశ ముందు దశలోని జవాబును నమ్మి సాగుతుంది.

2. నియమాల ఫైలు అన్వేషణలోని సామాన్య, విశేష విధుల క్రమాన్ని సరిగా వాడుకుంటే సమాచార నష్టాన్ని నివారించవచ్చు.

3. యంత్రాల మధ్య పాఠభేదాలు ఈ పద్ధతిలో తొలగుతాయి. బదులుగా మాతృకను పరిష్కరించే బాధ్యత పెరుగుతుంది.

4. తెలుగు లొకేల్, ఖతి, కీబోర్డు ఇందులో ఐచ్ఛికంగా తరువాత చేర్చుకొనే వస్తువులు కావు. అవి సమాధాన పత్రంలో ఉంటే ప్రతి యంత్రంలోనూ ఉంటాయి, లేకపోతే ఏ యంత్రంలోనూ ఉండవు.

ప్రయోగశాల నిర్వహణ సాంకేతిక సిబ్బంది పని అనుకొని తెలుగు శాఖలు దూరంగా ఉండడం ఇప్పటివరకు ఉన్న అలవాటు. సాంకేతిక సిబ్బంది సర్వర్‌ను నిలపగలరు. తెలుగులో ఏయే అక్షరాలు, ఏ క్రమం, ఏ కీబోర్డు కావాలో వారికి చెప్పవలసినవారు మాత్రం తెలుగు అధ్యాపకులే. ప్రతి తెలుగు శాఖ తన అవసరాలను తెలిపే ఒక సమాధాన పత్రాన్ని తయారుచేసుకొని, పరీక్ష పదాల పట్టికతో పాటు భద్రపరచి, మార్పు జరిగినప్పుడల్లా తేదీతో నమోదు చేసుకోవాలి. అది వంద పంక్తులకు మించని చిన్న పాఠం. గ్రంథాలను పరిష్కరించడంలో తరతరాల అనుభవం గల శాఖలకు అది భారం కాబోదు.